ఒకే నీళ్లు, ఒకే తూకం, మూడు కప్పులు: ఇంట్లో టీలను పోల్చి రుచి చూడటం ఎలా?

రోజుకు మూడుసార్లు టీ తాగేవాళ్లని కూడా మీ టీ ఎలా ఉంటుందండీ అని అడిగితే వచ్చే జవాబు ఒకటే, "స్ట్రాంగ్‌గా ఉంటుంది". అంతకుమించి చెప్పలేకపోవడానికి కారణం నాలుక మొద్దుబారడం కాదు, పక్కన ఇంకో కప్పు లేకపోవడం. ఒకే టీ తాగుతూ కూర్చుంటే పదేళ్లయినా దాని గురించి మనకు తెలిసేది తక్కువే. అదే రెండు మూడు రకాలు ఒకేలా కాచి వరసగా పెట్టుకుంటే మొదటి రోజే "ఇది వగరు, దానికి ఏదో పండు వాసన ఉంది, ఇదేమో ఉత్త రంగు నీళ్లు" అని మాటలు వాటంతటవే వస్తాయి.

కాబట్టి ఈ గైడ్ మొత్తం కప్పులు పక్కపక్కన పెట్టుకోవడం గురించే. ఖరీదైన సామానేమీ అక్కర్లేదు. కావాల్సింది కొంచెం మొండితనం: ఒక విడతలో ఒక్క సంగతే మారాలి, మిగతావన్నీ కదలకూడదు. పాలూ పంచదారా కూడా కొన్నాళ్లు పక్కన పెట్టండి, వాటి సంగతికి చివర్లో వద్దాం. పాలు లేకుండా టీ ఏంటి అనుకునేవాళ్లు ఒక్క వారం ఓపిక పట్టండి.

సామాను

మొదట కొనాల్సింది టీ కాదు, చిన్న ఎలక్ట్రానిక్ తూకం. 0.1 గ్రాము వరకు చూపించేది, జేబులో పట్టే రకం, ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతుంది. చెంచాతో కొలిస్తే సరిపోదా అంటే సరిపోదు. డస్ట్ టీ సన్నగా ఉంటుంది కాబట్టి చెంచాలో గట్టిగా కూరుకుపోతుంది, డార్జిలింగ్ ఆకు పొడుగ్గా మెలితిరిగి ఉంటుంది కాబట్టి సగం చెంచా గాలే ఉంటుంది. రెండూ "ఒక చెంచా" అని వేసి, డస్ట్ స్ట్రాంగ్‌గా ఉంది డార్జిలింగ్ పల్చగా ఉంది అంటే మీరు పోల్చింది టీలను కాదు, తూకాలను.

తర్వాత ఒకే రకం తెల్ల పింగాణీ మగ్గులు మూడు నాలుగు, వాటి మీద మూతగా పెట్టడానికి సాసర్లు, వడకట్టాక టీ పోసుకోవడానికి తెల్లటి చిన్న గిన్నెలు. స్టీలు గ్లాసులు వద్దు, రంగు కనపడదు, పెదాలు కాలతాయి. గాజుది ఫర్వాలేదు గాని కింద తెల్ల కాగితం వేసుకోవాలి. వీటితో పాటు సన్నటి జాలీ, ఫోన్‌లో టైమర్, తలా ఒక చెంచా, మధ్యమధ్యలో కడుక్కోవడానికి ఒక గ్లాసు నీళ్లు. అంతే.

కొలత: 100 మిల్లీలీటర్లకు 2 గ్రాములు

ఇది నా సొంత లెక్క కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రుచి పరీక్షల కోసం టీ ఎలా కాచాలో 1980లోనే ఐఎస్ఓ 3103 అనే పేరుతో ఒక ప్రమాణం పెట్టింది. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, అప్పుడే మరిగిన నీళ్లు, మూత పెట్టి 6 నిమిషాలు. ఇదే పద్ధతి చెప్పిన బ్రిటిష్ ప్రమాణానికి 1999లో ఇగ్‌నోబెల్ అనే సరదా బహుమతి కూడా ఇచ్చి నవ్వుకున్నారు, టీ పెట్టడానికి ఆరు పేజీల నియమాలేంటని. కానీ వాళ్లు చెప్పింది రుచిగా టీ పెట్టే పద్ధతి కాదు, ఎవరు ఎక్కడ కాచినా ఒకేలా వచ్చే పద్ధతి. ఆరు నిమిషాలు నానితే చాలా టీలు తాగడానికి బాగోవు, నిజమే, కానీ ఆకులో ఉన్న లోపాలన్నీ బయటపడతాయి. ఇంట్లో సరదాగా పోల్చుకునే మనకి బ్లాక్ టీలకు 4 నిమిషాలు చాలని నా అభిప్రాయం. 3 అయినా 5 అయినా తప్పు లేదు, అన్ని కప్పులకూ అదే ఉండాలి, అంతే.

మామూలు మగ్గులో 150 మిల్లీలీటర్లు పోస్తే 3 గ్రాములు. నీళ్లు కూడా తూకం మీదే కొలవచ్చు, మిల్లీలీటరుకు గ్రాము లెక్కన. అయితే తూకం ఎంత బరువు దాకా మోస్తుందో ముందు చూసుకోండి, జేబు తూకాలు కొన్ని మగ్గు పెడితేనే చేతులెత్తేస్తాయి. అప్పుడు మందు సీసాతో వచ్చే కొలత కప్పో, పిల్లల పాల సీసానో వాడుకోవచ్చు.

ఎప్పుడు చూడాలి, ఎంత తాగాలి

పొద్దున టిఫిన్ అరిగాక, మధ్యాహ్నం వంట మొదలవ్వకముందు మంచి సమయం. పొయ్యి మీద పోపు పడిందంటే ఆ పూటకి రుచి చూడటం అయిపోయినట్టే, ఇంగువ వాసన ముందు ఏ డార్జిలింగూ నిలబడదు. అగరుబత్తి, సెంటు, పుదీనా పేస్టుతో అప్పుడే తోముకున్న పళ్లు, వక్కపొడి, ఇవన్నీ కూడా వద్దు. కప్పుకీ కప్పుకీ మధ్య నోట్లో ఉత్త మరమరాలు నాలుగు వేసుకుని నీళ్లు తాగితే చాలు. ఉస్మానియా బిస్కెట్ అంటే నాకూ ఇష్టమే, కానీ వెన్నా ఉప్పూ నాలుక మీద పూత పూసేస్తాయి, దాన్ని ఆఖరికి దాచుకోండి.

ఒక విడతలో మూడు కప్పులు, మహా అయితే నాలుగు. అంతకు మించితే మొదటిది ఎలా ఉందో గుర్తుండదు. కెఫీన్ లెక్క కూడా మర్చిపోవద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించొద్దని, ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు మానమనీ చెప్పారు. టీ కాఫీల్లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి. కప్పుకు నాలుగైదు చెంచాలు రుచి చూసి మిగతాది వదిలేస్తే ఏ టెన్షనూ లేదు. వృత్తిగా రుచి చూసేవాళ్లయితే అసలు మింగరు, ఉమ్మేస్తారు.

మొదటి విడత: ఒకటే టీ, నాలుగు కప్పులు

అందరూ మొదటిరోజే రకరకాల టీలు కొనేసి మీదపడతారు. అలా వద్దు. ఇంట్లో ఉన్న పొడే తీసుకోండి. నాలుగు మగ్గుల్లో 3 గ్రాముల చొప్పున వేసి, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి, ఒకటి నిమిషానికి, ఇంకొకటి 3 నిమిషాలకు, మూడోది 5కి, చివరిది 10 నిమిషాలకు వడకట్టండి. అన్నీ గోరువెచ్చగా అయ్యాక వరసగా తాగి చూడండి.

ఇక్కడ నేర్చుకోవాల్సింది చేదుకీ వగరుకీ తేడా. కొత్తవాళ్లు రెండింటినీ కలిపి "చేదుగా ఉంది" అనేస్తారు. చేదు నాలుక మీద తెలిసే రుచి, కాకరకాయలా. వగరు అసలు రుచి కాదు, స్పర్శ. వక్క నమిలినప్పుడు బుగ్గలు లోపలికి పట్టేసి, నాలుక గరుకుగా అవుతుందే, అది. టీలో ఉండే పాలీఫినాల్స్ మన ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోరు ఎండినట్టు అనిపిస్తుంది. మంచి టీలో వగరు ఉండాలి, కానీ వచ్చి నోటిని ఒకసారి చురుగ్గా కడిగినట్టు చేసి వెళ్లిపోవాలి. పది నిమిషాల కప్పులో అది వెళ్లదు, చిగుళ్ల మీద అలాగే కూర్చుంటుంది. నిమిషం కప్పులో అసలు రాదు. ఈ నాలుగు కప్పులూ ఒకసారి తాగితే, "స్ట్రాంగ్" అనే ఒక్క మాట కింద మనం ఎన్ని వేర్వేరు సంగతులు తోసేస్తున్నామో తెలుస్తుంది: రంగు, చేదు, వగరు, చిక్కదనం. నాలుగూ కలిసి పెరగవు, రంగు మొదటి నిమిషాల్లోనే దిగిపోతుంది, వగరు తర్వాత కూడా పెరుగుతూ పోతుంది.

ఏం కొనాలి

మొదటి సెట్టుకి మూడు చాలు: అస్సాం ఆర్థడాక్స్, డార్జిలింగ్, నీలగిరి ఆర్థడాక్స్. 50 గ్రాముల ప్యాకెట్లు తీసుకోండి, సాంపుల్ ప్యాక్‌లు అమ్మేవాళ్లుంటే ఇంకా మంచిది. ఆర్థడాక్స్ అంటే ఆకును రోలర్ల కింద మెలితిప్పి చేసింది. మన ఇళ్లలో ఉండే గుండ్రటి గింజల్లాంటి పొడి సీటీసీ. పళ్ల చక్రాల మధ్య ఆకును నలిపి, చీల్చి, చుట్టేస్తారు. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి ఇది. ఆకు కణాలన్నీ పగిలిపోతాయి కాబట్టి రంగూ ఘాటూ గబగబా దిగుతాయి, సున్నితమైన వాసనలు చాలావరకు పోతాయి. పాల టీకి అదే కావాలి కాబట్టి దాన్ని తక్కువ చేసి మాట్లాడాల్సిన పని లేదు.

ప్యాకెట్ మీద ఏం చదవాలంటే, తోట పేరు, కోత కాలం, ప్యాక్ చేసిన నెల. ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి బారెడు అక్షరాలు చూసి మురిసిపోకండి, అవి ప్రధానంగా ఆకు సైజునీ, అందులో చిగుళ్లు ఎన్ని ఉన్నాయన్నదాన్నీ చెప్తాయి, రుచికి హామీ కాదు. అలాగే డస్ట్ అంటే ఫ్యాక్టరీలో ఊడ్చిన చెత్త అని ఒక నమ్మకం ఉంది, అదీ కాదు. జల్లెడ పట్టినప్పుడు అన్నిటికంటే సన్నగా దిగేది డస్ట్, దానిలోనూ మంచివి ఉంటాయి, నాసివి ఉంటాయి. డార్జిలింగ్ పేరు మాత్రం జాగ్రత్త. మన దేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు వచ్చింది దానికే, 2004లో. రెండాకులు మొగ్గ పట్టుకున్న స్త్రీ ముఖం గుండ్రటి లోగోలో ఉందో లేదో చూసుకుని కొనండి.

లూజ్‌గా కొన్న పొడి అయితే రుచికి ముందు రెండు చిన్న పరీక్షలు చేయండి. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద పొడి చల్లి చన్నీళ్లు చిలకరించాలి. వెంటనే ముదురు మరకలు పరుచుకుంటే రంగు కలిపారన్నమాట. పొడి మీద అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉంటే అంటుకుంటుంది. తేడా కనిపిస్తే ఆ పొడిని రుచి చూడటం కాదు, పారేయండి.

రెండో విడత: అస్సాం, డార్జిలింగ్, నీలగిరి

అసలు మజా ఇక్కడ. ఒక్కో అడుగు తొందరపడకుండా చేయండి.

మొదట ఎండు ఆకు. మూడింటినీ తెల్ల కాగితం మీద చిన్న కుప్పలుగా పోయండి. అస్సాంలో నల్లటి ఆకు మధ్య బంగారు రంగు ముక్కలు కనిపిస్తాయి, అవి నూగు ఉన్న చిగుళ్లు. డార్జిలింగ్ మొదటి కోతది, అంటే ఫస్ట్ ఫ్లష్ అయితే, ఇది బ్లాక్ టీ ఏనా అని అనుమానం వచ్చేంత పచ్చగా ఉంటుంది. ఆకును బాగా వాడబెట్టేస్తారు కాబట్టి ఆ తర్వాత ఆక్సీకరణ, అంటే గాలి తగిలి ఆకు నల్లబడటం, పూర్తిగా జరగదు, అందుకే ఆ పచ్చదనం. అది లోపం కాదు. పుల్లలు, పీచు ఎక్కువగా ఉంటే మాత్రం ఏ టీకైనా లోపమే. ఆకును గుప్పిట్లో పట్టుకుని నోటితో ఒకసారి వెచ్చగా ఊది వెంటనే వాసన చూడండి, ఆ తడికి దాగి ఉన్న వాసన పైకి లేస్తుంది.

తర్వాత మగ్గులన్నిటినీ వేడినీళ్లతో ఒకసారి తొలిచి, తూచిన ఆకు వేసి, నీళ్లు పోసి, మూత. మూడు మగ్గుల్లో ఒకేసారి పోయలేరు కదా, అందుకని పదిహేను సెకన్ల తేడాతో ఒక్కొక్కటీ పోసి, అదే వరసలో అదే తేడాతో వడకట్టండి. వడకట్టేటప్పుడు ఆకులో నీళ్లు మిగలకూడదు, పూర్తిగా వంచేయాలి.

ఇప్పుడు ఉడికిన ఆకు. దీన్ని ఎవరూ పట్టించుకోరు గాని, కప్పు కంటే ముందే నిజం చెప్పేది ఇదే. జాలీలో మిగిలిన ఆకును సాసర్ మీదకి తిరగేసి, వేడిగా ఉన్నప్పుడే ముక్కు దగ్గర పెట్టుకోండి. అస్సాం అయితే కొత్త రాగి చెంబు రంగు ఉండాలి. నల్లగా, జీవం లేకుండా ఉంటే ఆకు తయారీలో ఎక్కువ మాగిందనో, ఎక్కువ వేడికి ఎండిందనో అనుకోవచ్చు. డార్జిలింగ్‌లో ఆకులు విచ్చుకుని రెండాకులు మొగ్గ ఆకారం కూడా కనిపించొచ్చు. మాడు వాసన, పొగ వాసన, బూజు వాసన ఏదైనా ఉంటే ఇక్కడే పట్టుబడుతుంది.

తర్వాత రంగు. అస్సాం ఎర్రగా, నిండుగా. నీలగిరి నారింజ కలిసిన పసుపు, కింద అక్షరాలు చదవగలిగేంత తేటగా. డార్జిలింగ్ మొదటి కోత లేత తేనె రంగు. ఇక్కడ చూడాల్సింది ఎంత ముదురు అని కాదు, ఎంత మెరుస్తోంది అని. థియాఫ్లావిన్లు అనే రంగు పదార్థాలు ఎక్కువ ఉన్న టీ మెరుపుగా, చురుగ్గా ఉంటుంది, థియారూబిజిన్లు అనేవి ముదురు ఎరుపూ చిక్కదనమూ ఇస్తాయి. రెండూ ఆక్సీకరణలో పుట్టేవే.

ఇక రుచి. పొగలు కక్కుతుండగా తాగొద్దు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడం క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. అదలా ఉంచినా, అంత వేడిలో నాలుకకు ఏమీ తెలియదు కూడా. ఐదారు నిమిషాలు ఆగి, చెంచాతో కొంచెం తీసుకుని, పెదాల మధ్య నుంచి గట్టిగా జుర్రండి. చప్పుడు రావాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందే చెప్పుకోండి, లేకపోతే చీవాట్లు ఖాయం. గాలితో కలిసి తుంపరగా వెళ్లిన టీ నోరంతా పరుచుకుంటుంది, దాని వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఈ దొడ్డిదారి వాసనే. నమ్మకం లేకపోతే ముక్కు మూసుకుని ఒక చెంచా తాగండి, మూడు కప్పులూ ఇంచుమించు ఒకటే అయిపోతాయి, చేదూ వగరూ మాత్రం మిగులుతాయి. ముక్కు వదలగానే తేడా ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పిల్లలకు చూపించినా సరదాపడతారు.

దేనిలో ఏం వెతకాలి? అస్సాంలో చిక్కదనం, మొలకెత్తిన రాగులు వేయించినప్పుడు వచ్చే తీపి వాసన. బ్రహ్మపుత్ర లోయలో మే-జూన్ కోతకు వచ్చిన ఆకులో ఇది బాగా ఉంటుంది. నీలగిరిలో తేలికదనం, పూల వాసన. అక్కడ ఏడాది పొడవునా కోస్తారు గాని డిసెంబరు-జనవరి చలికి వచ్చిన ఆకుదే మంచి వాసన. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ పచ్చి జామపిందెలా లేతగా, కొంచెం వగరుగా ఉంటుంది. సెకండ్ ఫ్లష్ అయితే కిస్మిస్, బాగా పండిన ద్రాక్ష. ఈ ద్రాక్ష వాసన వెనక ఒక పురుగు ఉంది. పత్తి రైతు పచ్చదోమ అంటే మండిపడతాడు కదా, దానికి దగ్గరి చుట్టమే డార్జిలింగ్ తోటల్లో లేత ఆకు రసం పీలుస్తుంది. కుట్టించుకున్న మొక్క తనను కాపాడుకోవడానికి కొన్ని సుగంధ పదార్థాలు తయారు చేసుకుంటుంది. ఆ వాసనకే మనం ఎక్కువ డబ్బు పెట్టేది. మన దగ్గర పంట పోయిందని మందు కొట్టే పురుగుకి చుట్టమే అక్కడ ధర పెంచుతోంది.

మింగాక అర నిమిషం ఆగండి. గొంతులో ఏం మిగిలింది? ఉసిరికాయ తిన్నాక నీళ్లు తాగితే వచ్చే తీపి లాంటిది కొన్ని టీలకు ఉంటుంది. మంచి టీకి ఇది పెద్ద గుర్తు, తొందరపడి రెండో కప్పు అందుకుంటే తెలియకుండా పోతుంది.

ఒక కప్పు అస్సాం అలాగే వదిలేసి గంట తర్వాత చూడండి. తేటగా ఉన్న టీ పాలచుక్క పడినట్టు మబ్బుగా మారొచ్చు. పాడైందని పారబోయకండి. కెఫీన్, థియాఫ్లావిన్లు చల్లారాక ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల అలా అవుతుంది, మళ్లీ వేడి చేస్తే తేటపడుతుంది. టీ సారవంతంగా ఉందనడానికి అదొక గుర్తు. పల్చటి టీకి ఎంతసేపు పెట్టినా రాదు.

రాసుకోవడం

రాసుకోకపోతే వారం తిరిగేసరికి అన్నీ కలిసిపోతాయి. పదికి ఎన్ని మార్కులు అనే పద్ధతి మొదట్లో వద్దు, పొద్దున 7 ఇచ్చిన టీకి సాయంత్రం 5 ఇస్తారు. మూడింటిలో ఏది మొదటిది, ఏది చివరిది, ఎందుకు, అంతే రాయండి. నోట్సు ఇలా ఉంటే చాలు:

"నీలగిరి, జనవరి ప్యాకింగ్. 3 గ్రా, 150 మి.లీ, 4 ని. ఫిల్టర్ నీళ్లు. ఎండు ఆకుకి వాసన తక్కువ. ఉడికిన ఆకు దగ్గర తడి మల్లెలు, కొంచెం నిమ్మతొక్క. వగరు వచ్చి వెంటనే పోయింది. చిక్కదనం లేదు. చల్లారాక ఇంకా బాగుంది. డార్జిలింగ్ కంటే వెనక, అస్సాం కంటే ముందు. పాలకు పనికిరాదు."

ఇంగ్లీషు వెబ్‌సైట్లు చూసి నోట్సులో లైచీ, పీచ్, చెస్ట్‌నట్ అని రాయకండి, మీరు చెస్ట్‌నట్ తిని ఉంటే తప్ప. తేగ, ముంజ, బెల్లం పాకం, తడి మట్టి, కొత్త పుస్తకం, ఉడికించిన పాలకూర, వేయించిన పెసరపప్పు, మీ ముక్కుకి తెలిసిన వాసనలే రాయండి. మళ్లీ చదివినప్పుడు ఆ కప్పు గుర్తుకు రావాలి, అదొక్కటే లెక్క.

నీళ్ల విడత

ఇది చాలామంది చేయరు, చేసినవాళ్లు మాత్రం ఆశ్చర్యపోతారు. ఒకే నీలగిరి ఆకు, ఒకే తూకం, మూడు నీళ్లు: బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, మున్సిపాలిటీ నల్లా నీళ్లు కాచినవి. బోరు నీళ్ల కప్పులో టీ నల్లబారి, పైన నూనె తెట్టులా మెరిసే పొర కడుతుంది. కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ ఉన్న నీళ్ల పని అది. వాసన కూడా సగం మింగేస్తుంది. అలాగని ఆర్‌ఓ నీళ్లే గొప్పవి అనుకోవద్దు, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల లెక్క, మరీ 20, 30కి దింపేసిన నీళ్లలో టీ పల్చగా, బోలుగా ఉంటుంది. నా రుచికి 50-150 మధ్య బాగుంటుంది. ఆర్‌ఓ మెషిన్‌లో టీడీఎస్ సర్దే మర ఉంటే మెకానిక్ వచ్చినప్పుడు అడగండి, లేకపోతే రెండు నీళ్లూ కలుపుకోవడమే. ఏ నీళ్లు తేలినా, ఇక అన్ని విడతలకీ అవే వాడాలి.

గ్రీన్ టీ, ఊలాంగ్

వీటిని బ్లాక్ టీల వరసలో పెట్టి పోల్చడం అనవసరం. గ్రీన్ టీని గ్రీన్ టీతోనే పోల్చండి. మన దగ్గర గ్రీన్ టీ అంటే చాలామంది మొహం ముడుచుకోవడానికి కారణం సలసలా మరిగే నీళ్లు. 80 డిగ్రీలు చాలు. థర్మామీటర్ లేకపోయినా, మూడు పాళ్లు మరిగిన నీళ్లకు ఒక పాలు మామూలు నీళ్లు కలిపితే దాదాపు అక్కడికి వస్తుంది. 2 నిమిషాలు. ఒక చైనా రకం, ఒక జపాన్ రకం దొరికితే పక్కపక్కన పెట్టండి: చైనాలో ఎక్కువగా ఆకును ఇనుప మూకుడులో వేయించి ఆక్సీకరణ ఆపుతారు, అందుకే వేయించిన పప్పు వాసన. జపాన్ వాళ్లు ఆవిరి పట్టి ఆపుతారు, అందుకే ఆకుకూర, సముద్రపు నాచు వాసన. ఊలాంగ్ ఆక్సీకరణలో ఈ రెండింటికీ బ్లాక్ టీకీ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, అదే ఆకును నాలుగైదుసార్లు కాచి ఒక్కో విడత ఎలా మారుతుందో చూడటంలోనే దాని సరదా.

పాల టీలను పోల్చడం

మనవాళ్లు ఎక్కువగా తాగేది ఇదే కాబట్టి ఇక్కడ కచ్చితంగా ఉండాలి. గిన్నెలో పాలు, నీళ్లు, పొడి, పంచదార కలిపి మరిగించి పోల్చలేరు, ఎంత నీరు ఆవిరైందో ఒక్కో గిన్నెకు ఒక్కోలా ఉంటుంది. ఇరానీ హోటల్ పద్ధతి మేలు: డికాక్షన్ వేరు, పాలు వేరు. 3 గ్రాముల సీటీసీ లేదా డస్ట్, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు, 5 నిమిషాలు మూత పెట్టి వడకట్టి, ప్రతి కప్పులో రెండు టేబుల్ స్పూన్ల వేడి పాలు. పాల ప్యాకెట్ ఒకటే ఉండాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6, ఆ తేడా టీ పొడుల మధ్య తేడాను తేలిగ్గా కప్పేస్తుంది.

పాలు పడగానే రంగు చూడండి. మంచి సీటీసీ ఇటుక ఎరుపో, బంగారు రంగో కలిసిన మెరుపుతో ఉంటుంది. నాసిది బురద నీళ్ల రంగుకి తిరుగుతుంది. పాలలోని కేసీన్ ప్రోటీన్ వగరును పట్టేస్తుంది కాబట్టి, డికాక్షన్‌గా తాగినప్పుడు మోటుగా అనిపించిన పొడి పాలల్లో అందరికంటే ముందు నిలబడొచ్చు, వాసనతో గెలిచిన నీలగిరి ఇక్కడ అడ్రస్ లేకుండా పోవచ్చు. పంచదార లేకుండా ఒకసారి, కొలిచి వేసుకుని ఇంకోసారి తాగండి. అల్లం, యాలకులు ఈ పూట వద్దు.

పేర్లు దాచి తాగండి

ధర తెలిస్తే నాలుక అబద్ధం చెప్తుంది. ఎవరికైనా. అందుకే కొన్ని విడతలయ్యాక పేర్లు దాచాలి. సులువైన పద్ధతి మూడు కప్పులది: రెండింట్లో ఒక టీ, మూడోదాంట్లో ఇంకోటి. ఇంట్లో వేరేవాళ్లు పోసి, గిన్నెల అడుగున స్టిక్కర్ మీద గుర్తు రాయాలి. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది కాబట్టి ఒక్కసారి గెలిచి సంబరపడొద్దు. వరసగా నాలుగుసార్లు గుడ్డిగా సరిపోయే అవకాశం 81లో ఒకటి, అక్కడిదాకా వస్తే నిజంగానే మీకు తేడా తెలుస్తోందన్నమాట.

ఈ రకం లెక్కకు మూలం కూడా ఒక టీ కప్పే. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త, కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పగలనన్నారు. అక్కడే ఉన్న గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ ఎనిమిది కప్పుల పరీక్ష ఆలోచించాడు, నాలుగు అలా, నాలుగు ఇలా. గుడ్డిగా అన్నీ సరిగ్గా విడదీసే అవకాశం 70లో ఒకటి. 1935లో ఫిషర్ దాన్ని రాసిన తర్వాత గణాంక శాస్త్రం పాఠాల్లో అది స్థిరపడిపోయింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.

ఇంట్లో వాడే ఖరీదు పొడినీ, దానికంటే చవకదాన్నీ ఈ మూడు కప్పుల పరీక్షలో పెట్టండి, పాలతోనే. తేడా పట్టలేకపోతే చవకది కొనుక్కోండి, మిగిలిన డబ్బుతో ఒక మంచి డార్జిలింగ్ వస్తుంది.

చివరికి సొంత బ్లెండ్

ఇన్ని ప్యాకెట్లు తెరిచాక అన్నిట్లో కొంచెం కొంచెం మిగులుతుంది. గాలి చొరని డబ్బాల్లో, మసాలాలకు దూరంగా దాచి ఉంటే వాటితో బ్లెండ్ చేసుకోవచ్చు. అస్సాం సీటీసీ చిక్కదనానికి, నీలగిరి వాసనకి. 3 పాళ్లకు 1, సగం సగం, 1కి 3, ఈ మూడు మిశ్రమాలూ 10 గ్రాముల చొప్పున కలిపి, పైన చెప్పిన పాల పద్ధతిలోనే వరసగా పెట్టి చూడండి. నచ్చినదానికి అటూ ఇటూ ఇంకో రెండు మిశ్రమాలు చేసి మళ్లీ చూడాలి. కలిపిన పొడిని రెండు రోజులు డబ్బాలో ఊరనిచ్చి, అప్పుడు ఇంకోసారి తాగాకే పావుకిలో కలుపుకోండి.